మహానటికి 2018 ఉత్తమ చిత్రం ఇచ్చిన్రు సరే, కీర్తి సమంతల సంగతేంది?

ఓరుగల్లు పోరడు | 15 జూన్ 2025, ఉదయం 9:12
నిన్న హైటెక్స్‌ల తెలంగాణ సర్కారిచ్చే గద్దర్ అవార్డుల ఫంక్షన్ ఇంట్ల అందరం కూసొని టీవీల చూసినం. 2024 సినిమాలకు హీరో హీరోయిన్ డైరెక్టర్ అన్నీ ఇచ్చిన్రు, మంచిగనే ఉన్నది. దాంతోని 2014 నుంచి 2023 దాంక పెండింగ్ ఉన్న పదేండ్లకు ఏడాదికి మూడేసి సినిమాల లెక్కన ఉత్తమ చిత్రాలు గూడ ఇచ్చిన్రు. 2018కి ఫస్టు మహానటి, సెకండు రంగస్థలం, థర్డు కేరాఫ్ కంచరపాలెం. ఇందుల నాకేం పేచీ లేదు, మూడూ మంచి సినిమాలే. కాకపోతే ఆ పదేండ్లకు సినిమాకే ఇచ్చిన్రు గని యాక్టర్లకు ఇయ్యలే. మా అమ్మ టీవీ దిక్కు చూసుకుంటనే అడిగింది, "మరి సావిత్రి లెక్క చేసిన పిల్ల ఏది రా, రాలేదా?" అని. లేదమ్మా ఆ పిల్లకు ఇందుల లేదు అంటే "సినిమా అంతా ఆ పిల్లనే గద, సినిమాకిచ్చి ఆ పిల్లకియ్యకపోవుడేంది" అన్నది. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుంటే చెప్పుండ్రి.

సామ్ జట్టు | ఉదయం 9:40
మీ అమ్మగారు ఒక్క పిల్ల గురించే అడిగారు, నేను ఇద్దరి గురించి అడుగుతా. మహానటి అంటే అందరూ కీర్తి సురేష్ అంటారు, కరెక్టే కాదనను, కానీ ఆ కథ మనకి చెప్పేది ఎవరండీ? మధురవాణి. ప్రజావాణి పేపర్లో నత్తితో మాట్లాడే అమ్మాయి, ఎడిటర్ ఏదో చిన్న ఐటెం రాయమని పంపిస్తే సావిత్రి జీవితం మొత్తం తవ్వుకుంటూ పోతుంది, శంకరయ్య ఎవరు అని వెతుక్కుంటూ తిరుగుతుంది, చివరికి తన ప్రేమ సంగతి తను తేల్చుకునే ధైర్యం కూడా అక్కడే తెచ్చుకుంటుంది. సమంత తెలుగులో తన గొంతు తనే చెప్పుకున్న మొదటి సినిమా అది. అప్పటిదాకా చిన్మయి గొంతు విని అలవాటైన మనకి ఆ గొంతు కొత్తగా వినపడింది, అదీ నత్తితో. నేషనల్, ఫిల్మ్‌ఫేర్, సైమా, మూడింట్లోనూ మహానటికి సమంతకి ఏమీ లేదు. ఏమీ!

సీమ సుబ్బడు | ఉదయం 10:05
సామ్ జట్టు గారూ, సైమాలో సమంతకి క్రిటిక్స్ ఉత్తమ నటి వచ్చింది కదా ఆ సంవత్సరమే. ఏమీ లేదంటారేంది.

సామ్ జట్టు | ఉదయం 10:11
అది రంగస్థలానికి! రామలక్ష్మికి. నేను మధురవాణి గురించి మాట్లాడుతున్నా. చదివి రిప్లై ఇవ్వండి బాబూ.

పాతరీలు | ఉదయం 11:30
నమస్తే అందరికీ. రిటైర్ అయ్యాక నాకు వేరే పనేమీ లేదు కాబట్టి కాస్త వివరంగా రాస్తా, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి, లేనివాళ్ళు కిందకి జారిపోండి.

సినిమా వచ్చింది 2018 మే 9న. నేషనల్ అవార్డులు ప్రకటించింది 2019 ఆగస్టు 9న, అంటే సరిగ్గా 15 నెలలకి. 66వ జాతీయ అవార్డులు, ఫీచర్ ఫిల్మ్ జ్యూరీకి పెద్ద రాహుల్ రవైల్. మహానటికి మూడు వచ్చాయి, ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమ నటి కీర్తి సురేష్, ఉత్తమ కాస్ట్యూమ్స్. ఆ ఏడాది మన తెలుగుకి బాగానే ముట్టింది, చి.ల.సౌకి స్క్రీన్‌ప్లే, రంగస్థలానికి ఆడియోగ్రఫీ, అ!కి మేకప్పు, స్పెషల్ ఎఫెక్ట్స్. వారం తిరక్కుండా దోహాలో సైమా, అక్కడ ఉత్తమ చిత్రం, ఉత్తమ నటి మళ్ళీ ఇదే, సహాయ నటుడు కె.వి. చౌదరి వేషం వేసిన రాజేంద్రప్రసాద్. డిసెంబరు 21న చెన్నైలో ఫిల్మ్‌ఫేర్, సినిమాకి, నాగ్ అశ్విన్‌కి, కీర్తికి, క్రిటిక్స్ నటుడిగా దుల్కర్‌కి. డిసెంబరు 23న ఢిల్లీ విజ్ఞాన్ భవన్లో నేషనల్ అవార్డు చేతికి అందింది, ఇచ్చింది ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారు. సావిత్రి వర్ధంతి డిసెంబరు 26. ఆవిడ వేషానికి అవార్డు ఢిల్లీలో చేతులు మారిన మూడో రోజు ఆవిడ పోయిన రోజు. ఆ వారం పేపర్లు తిరగేస్తే నాకేమిటో అదోలా అనిపించింది.

డల్లాస్ బాబాయ్ | ఉదయం 11:52
పాతరీలు గారూ సూపర్. ఒక డౌటు, సావిత్రి గారికి కూడా చివరకు మిగిలేదికి రాష్ట్రపతి అవార్డు వచ్చింది కదా? వాట్సాప్‌లో చాలాసార్లు చదివా.

పాతరీలు | మధ్యాహ్నం 12:20
వాట్సాప్‌లో నేనూ చదివాను నాయనా. చివరకు మిగిలేది వచ్చింది 1960లో. అప్పట్లో కేంద్రం ఇచ్చే పతకాలు సినిమాలకే, నటీనటులకి విడిగా లేవు. నటికి అవార్డు పెట్టింది 1967 సినిమాల నుంచి, మొదటిది నర్గీస్‌కి వెళ్ళింది. దాన్నే అప్పుడు ఊర్వశి అవార్డు అనేవారు. ఆ మరుసటి ఏడు తులాభారానికి మన తెనాలి శారద, అందుకే ఆవిడ ఊర్వశి శారద. ఇప్పుడు లెక్క వెయ్యండి, దేవదాసు 1953, మిస్సమ్మ 1955, మాయాబజార్ 1957, మూగమనసులు 1964. ఆవిడ మహర్దశ అంతా ఆ అవార్డు పుట్టకముందే అయిపోయింది. 1968కి ఆవిడ చిన్నారి పాపలు డైరెక్ట్ చేస్తోంది. పద్మ కూడా రాలేదు. ఆవిడకి ఇవ్వలేదు అనడం కూడా తప్పేమో, ఇవ్వడానికి అప్పటికి ఆ గడే లేదు. గడి ఏర్పడ్డాక ఆవిడ వేషం వేసిన పిల్లకి వచ్చింది.

అప్పడాల కర్ర | మధ్యాహ్నం 12:31
పద్మ రాకపోతే ఏం, జనం మహానటి అన్నారు, అరవోళ్ళు నడిగైయర్ తిలకం అన్నారు. సినిమాలకి రెండు భాషల్లోనూ ఆ బిరుదులే టైటిళ్ళు అయ్యాయి. బిరుదే టైటిల్ అయిన హీరోయిన్ ఇంకెవరున్నారు చెప్పండి 😎

సీమ సుబ్బడు | మధ్యాహ్నం 1:15
అన్నీ బానే ఉండాయి గానీ నాకు ఒక్కటి మింగుడుపడదు. తెలుగు మహానటి కథకి నేషనల్ అవార్డు తీసుకున్న అమ్మాయి మలయాళీ, సావిత్రి మొగుడు జెమినీ గణేశన్ వేషం వేసి ఫిల్మ్‌ఫేర్ తీసుకున్న దుల్కర్ మలయాళీ, సమంత చెన్నై పిల్ల, ఆఖరికి కెమెరా పట్టినాయన స్పెయినోడు. మన గుంటూరు ఆడబిడ్డ పాత్రకి మనోళ్ళలో ఒక్కరు కూడా దొరకలేదా సామీ?

పాతరీలు | మధ్యాహ్నం 1:40
దొరికినవాళ్ళు చేశారు, మనం చూశాం కదా. అయినా ఈ మలయాళం లెక్క మనకే తిరిగి తగులుతుంది. శారదకి వచ్చిన మూడు నేషనల్ అవార్డుల్లో తులాభారం, స్వయంవరం రెండూ మలయాళ సినిమాలే, 1978లో నిమజ్జనం ఒక్కటే తెలుగు. తెనాలి పిల్ల అక్కడికెళ్ళి రెండు తెస్తే, వాళ్ళ పిల్ల ఇక్కడికొచ్చి ఒకటి పట్టుకెళ్ళింది. ఇంకా ఒకటి మనమే బాకీ.

డల్లాస్ బాబాయ్ | మధ్యాహ్నం 1:44
😂😂 బాకీ

ఓరుగల్లు పోరడు | మధ్యాహ్నం 2:05
పాతరీలు సార్, దాసి మర్చిపోయిన్రా? 1988ల బి. నర్సింగరావు సార్ తీసిన సినిమా, మా దొరల గడీల కథ. అర్చనకు ఉత్తమ నటి వచ్చింది. ఇంకో ముచ్చట, దాసికి గూడ ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమ నటి, కాస్ట్యూమ్స్ మూడూ వచ్చినయి, ఆ బట్టలు చేసినాయన పేరే దాసి సుదర్శన్ అయిపోయింది. మహానటికి వచ్చినవి గూడ సేమ్ ఆ మూడే. దాసికి ఇంక కెమెరాకు, ఆర్ట్ డైరెక్షన్‌కు గూడ వచ్చినయి, ఆర్ట్ డైరెక్షన్ అంటే మన వైకుంఠం సార్‌కు, బొమ్మలేసే వైకుంఠం సారే.

పాతరీలు | మధ్యాహ్నం 2:18
మర్చిపోలేదు బాబూ, వరసలో వస్తున్నా, నువ్వే ముందొచ్చావు. నిమజ్జనం, దాసి, తర్వాత 1990 కర్తవ్యానికి విజయశాంతి, ఆ తర్వాత మహానటి. తెలుగు సినిమాకి ఉత్తమ నటి వచ్చింది ఈ నాలుగే. కర్తవ్యానికీ మహానటికీ మధ్య 28 ఏళ్ళు. అంటే కర్తవ్యం అప్పుడు పుట్టిన పిల్ల మహానటికి వాళ్ళ పిల్లలతో వెళ్ళి ఉంటుంది. కాస్ట్యూమ్స్ పోలిక మాత్రం నాకు ఇంతవరకు తట్టలేదు సుమా.

మంగళగిరి మగ్గం | మధ్యాహ్నం 3:02
కాస్ట్యూమ్స్ మాట వచ్చింది కాబట్టి లోపలికొచ్చా, లేకపోతే సినిమా గొడవల్లో నేను వేలు పెట్టను. మాది సావిత్రిగారి పుట్టూరు చిర్రావూరుకి దగ్గరే, చీరలు అమ్ముతాం, జాకెట్లు కుడతాం. ఆ కాస్ట్యూమ్ అవార్డు ముగ్గురికి కలిపి ఇచ్చారు, ఇంద్రాక్షి పట్నాయక్, గౌరంగ్ షా, అర్చనా రావు. సినిమా చూసేటప్పుడు మా ఆయన కథ చూస్తున్నాడు నేను చేతులు చూస్తున్నా. చిన్నప్పటి సావిత్రికి బుట్ట చేతులు, స్టార్ అయ్యాక చెయ్యి మోచేతి దాకా వచ్చి ఒంటికి పట్టినట్టు, ఇంకా తర్వాత ఒళ్ళొచ్చాక అదే మోచేతి జాకెట్టు బిగుసుకుపోయి చంక దగ్గర ముడత పడుతుంది చూడండి, ఆ ముడత కావాలని పెట్టిందే, మంచి కుట్టుడు తెలిసినవాళ్ళే ఆ ముడత పెట్టగలరు, ఎందుకంటే మా పని ఎప్పుడూ ముడత తీయడమే. మనిషి మారిపోయింది అని డైలాగ్ అక్కర్లేకుండా జాకెట్టు చెప్పేసింది. చీరలు కూడా సిల్కు మెరుపు కాదు, నేత చీర ఒంటి మీద నిలబడే తీరు వేరు, కొంగు జారితే బరువుగా జారుతుంది.

సినిమా వచ్చిన వేసవి ఎంతమంది వచ్చి "మహానటి జాకెట్టు కుట్టండి" అన్నారో లెక్క లేదు. ఒకావిడ అయితే చీర ఆన్‌లైన్‌లో ఎక్కడో తెప్పించుకుని తెచ్చింది, నేతే అని పవర్‌లూమ్ అంటగట్టారు పాపం. అంచు వెనక్కి తిప్పి చూపించా, ఏడుపు మొహం పెట్టింది.

సామ్ జట్టు | మధ్యాహ్నం 3:20
మంగళగిరి అక్కా, ముడత సంగతి చదివి ఇప్పుడే ఆ సీన్లు మళ్ళీ పెట్టుకున్నా, నిజంగానే ఉంది!! అంత బాగా చూశారు కదా మరి మధురవాణి బట్టలు ఎలా ఉన్నాయో కూడా చెప్పండి ప్లీజ్.

మంగళగిరి మగ్గం | మధ్యాహ్నం 3:34
ఆ అమ్మాయివి 1980, 81 నాటి ఆఫీసు పిల్ల బట్టలు తల్లీ, మా పిన్ని కట్టుకున్నట్టే. చూసినవాళ్ళకి గుర్తుండవు. గుర్తుండకపోవడమే ఆ పాత్రకి కావలసింది.

అప్పడాల కర్ర | మధ్యాహ్నం 3:50
అదే పాయింటు. నటన కూడా అంతే. సమంత ఆ సినిమాలో కనపడకుండా చేసింది, కనపడకుండా చేసినదానికి అవార్డెవడిస్తాడు. అవార్డు అంటే మేకప్పు కనపడాలి, ఏడుపు కనపడాలి, ఒళ్ళు పెరగాలి తగ్గాలి.

డల్లాస్ బాబాయ్ | సాయంత్రం 4:10
కర్ర గారితో నేను కొంచెం ఏకీభవిస్తా. బయోపిక్ చేస్తే నేషనల్ ఖాయం అని ఒక లెక్క ఉంది. బండిట్ క్వీన్‌కి సీమా బిశ్వాస్, డర్టీ పిక్చర్‌కి విద్యాబాలన్, తర్వాత గంగూబాయికి ఆలియా. డర్టీ పిక్చర్ కూడా మన ఏలూరు వైపు పిల్ల సిల్క్ స్మిత బతుకు చూసి అల్లుకున్నదే కదా. అంటే మన వైపు పుట్టిన ఇద్దరు నటీమణుల కథలకి ఇద్దరు బయటి హీరోయిన్లకి నేషనల్ అవార్డులు.

పాతరీలు | సాయంత్రం 4:35
ఖాయం అయితే తలైవికి కూడా రావాలి, ఎన్టీఆర్ కథానాయకుడుకీ రావాలి, రాలేదుగా. బయోపిక్ వల్ల వచ్చేది చూసేవాళ్ళ చేతిలో కొలబద్ద. అసలు మనిషిని జనం చూసి ఉన్నారు, పక్కన పెట్టి కొలుస్తారు. సావిత్రి విషయంలో ఆ కొలబద్ద మరీ కఠినం, ఎందుకంటే ఆవిడ సినిమాలు ఇప్పటికీ ఆదివారం టీవీలో వస్తాయి.

ఒక్కటి చెప్తా. మాయాబజార్‌లో శశిరేఖ రూపంలో ఘటోత్కచుడు ఉన్నప్పుడు సావిత్రి నడక చూడండి. అప్పటిదాకా తేలిగ్గా ఉన్న మనిషి ఉన్నపళంగా బరువెక్కుతుంది, అదే చీర అదే నగలు, భుజాలు మాత్రం ఎస్వీ రంగారావువి. ఆడదానిలా నటిస్తున్న మగవాణ్ణి ఒక ఆడమనిషి నటిస్తోంది, అది ఆవిడ చేసింది. ఇప్పుడు కీర్తి చెయ్యాల్సింది ఏమిటి? ఆ రాక్షసుణ్ణి నటిస్తున్న సావిత్రిని నటించాలి. ఇంకో మెట్టు. నేను హాల్లో భయపడుతూ కూర్చున్నా, చెడగొడుతుందని. చెడగొట్టలేదు. ఎడమ కంట్లోంచి రెండు చుక్కలే రావాలనే సీను అందరూ మెచ్చుకున్నారు గానీ నాకు అది కొంచెం మ్యాజిక్కు షోలా ఉంటుంది. నాకు నచ్చింది పేరొచ్చిన కొత్తలో ఆ పిల్ల నవ్వు, అందులో కాస్త పొగరు, కాస్త అల్లరి. తన గొంతు తనే చెప్పుకుంది, మలయాళం యాస మచ్చుకైనా పెద్దగా తగల్లేదు. దానికే ఇచ్చారనుకుంటా నేను.

సీమ సుబ్బడు | సాయంత్రం 5:00
సరే నేనూ ఒప్పుకుంటా, గొంతు సొంతదే అని తెలీదు నాకు. ఆ మాట వెనక్కి తీసుకుంటాండా. కానీ సినిమా మీద ఇంకో కంప్లైంటు ఉంది. జెమినీ గణేశన్ కూతురు, ఆ డాక్టరమ్మ, వాళ్ళ నాయన్ని తప్పుగా చూపించినారని అప్పట్లో గట్టిగానే చెప్పింది. సావిత్రి కూతురేమో సినిమాకి అండగా నిలబడింది. ఒకే ఇంట్లో రెండు మాటలు. అవార్డులిచ్చేవాళ్ళు ఇవన్నీ చూస్తారా?

పాతరీలు | సాయంత్రం 5:15
చూడరు. అది చరిత్రకారుల పని, జ్యూరీ పని కాదు. మెల్‌బోర్న్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో 2018లో దీనికిచ్చిన అవార్డు పేరే సినిమాలో సమానత్వం అని, గోవాలో ఇండియన్ పనోరమాలో కూడా వేశారు. వాళ్ళెవరికీ ఈ ఇంటి తగువు తెలిసే అవకాశమే లేదు.

సామ్ జట్టు | సాయంత్రం 5:28
మళ్ళీ మధురవాణిని వదిలేశారు అందరూ 🙄 సరే నేనే చెప్తా. సహాయ నటి కేటగిరీలో ఆ ఏడాది ఫిల్మ్‌ఫేర్, సైమా రెండూ రంగమ్మత్త పట్టుకెళ్ళింది, అనసూయ బాగా చేసింది నాకేం కుళ్ళు లేదు. కానీ సమంతని సహాయ నటి అనాలా హీరోయిన్ అనాలా? పోస్టర్ మీద ఉంది, కథ చెప్తుంది, కానీ సావిత్రితో ఒక్క డైలాగు సీను కూడా ఉండదు, ఎందుకంటే ఆవిడ కోమాలో ఉంది. హీరోయిన్ అంటే కీర్తి పక్కన నిలబడలేదు, సహాయ నటి అంటే సహాయం చేసేది ఎవరికి? ఇందాక పాతరీలు గారన్నట్టు, ఆ అమ్మాయికి గడి లేదు. అసలదే ఏడాది హెల్లారో అనే గుజరాతీ సినిమాకి ఉత్తమ చిత్రం ఇచ్చి, అందులో 13 మంది ఆడవాళ్ళకీ కలిపి స్పెషల్ జ్యూరీ అవార్డు ఇచ్చారు. పదముగ్గురికి ఇవ్వగలిగినవాళ్ళు ఇద్దరికి ఇవ్వలేరా? కీర్తికిచ్చింది తీసెయ్యమనట్లేదు.

పాతరీలు | సాయంత్రం 6:02
హెల్లారో మాట బాగా గుర్తుచేశావమ్మా, ఆ దారి నిజంగానే ఉంది. నీకు ఇంకొకటి ఇస్తా, దాచుకో. 1955లో కన్యాశుల్కం సినిమా వచ్చింది, అందులో మధురవాణి వేషం ఎవరిదనుకున్నావు? సావిత్రిది. గురజాడ వారి మధురవాణి. మీ సమంతకి పెట్టిన పేరు ఊరికే పెట్టిన పేరు కాదు, సావిత్రి వేసిన వేషం పేరు. అంటే ఆ సినిమాలో ఇద్దరూ సావిత్రులే ఒక రకంగా.

సామ్ జట్టు | సాయంత్రం 6:05
అమ్మో

సామ్ జట్టు | సాయంత్రం 6:06
ఏడేళ్ళ నుంచి ఈ పాత్ర గురించి కొట్టుకుంటున్నా ఒక్కరూ చెప్పలేదు నాకు ఇది. ఇంట్లో అందరికీ ఫోన్ చేసి చెప్తున్నా ఉండండి.

అప్పడాల కర్ర | సాయంత్రం 6:20
ఇంకో వాటం చూడండి. నంది అవార్డులు ఉండుంటే ఈ గొడవే లేదు. 1964 నుంచి ఇచ్చుకుంటూ వచ్చారు, 2017 నవంబరులో 2014, 15, 16 మూడేళ్ళకీ కలిపి ఒకేసారి ప్రకటించారు, ఎంత రచ్చ అయిందో గుర్తుందిగా, ఆ తర్వాత దుకాణం మూత. మహానటి వచ్చేటప్పటికి సొంత రాష్ట్రంలో ఇచ్చే చెయ్యే లేదు. ఢిల్లీ ఇచ్చింది, దోహా ఇచ్చింది, మెల్‌బోర్న్ ఇచ్చింది. గుంటూరు జిల్లా ఆడబిడ్డ కథకి ఆంధ్రా ఇవ్వలేదు, చివరికి ఏడేళ్ళకి తెలంగాణ ఇచ్చింది.

ఓరుగల్లు పోరడు | సాయంత్రం 6:31
గట్లనే అనుకోండ్రి, మేం లేటుగనన్న ఇచ్చినం 😄 అయినా నాగ్ అశ్విన్‌కు నిన్న డబుల్ ధమాకా, 2024ల గూడ కల్కికి ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు. కీర్తి అందుల బుజ్జి కారుకు గొంతిచ్చింది గద.

డల్లాస్ బాబాయ్ | సాయంత్రం 6:40
కారుకి గొంతిచ్చినందుకు అవార్డు లేదా మరి

వేదిక పెద్ద | సాయంత్రం 6:55
కల్కికి వేరే థ్రెడ్ ఉంది, అక్కడికి వెళ్ళండి. ఫ్యాన్ వార్ పోస్టులు నాలుగు తీసేశాను. ఇక్కడ ఇప్పటిదాకా మర్యాదగానే నడిచింది, అలాగే నడవనివ్వండి.

ఓరుగల్లు పోరడు | 16 జూన్ 2025, రాత్రి 10:48
అందరికి థాంక్స్. నిన్న మీరు రాసినయన్నీ అమ్మకు చదివి వినిపించిన. నేషనల్ అవార్డు వచ్చిందంటే "గట్లనా, మరి ముందే చెప్పద్దా" అని నన్నే తిట్టింది. ఇయ్యాల రాత్రి బువ్వ తిన్నంక మహానటి పెట్టిన. ఫస్టాఫ్ అంతా నవ్వుకుంట చూసింది, మాయాబజార్ సీన్ల "అచ్చం గట్లనే ఉన్నది" అన్నది. సెకండాఫ్ మొదలై తాగుడు షురువయ్యేటప్పటికి రిమోట్ ఇయ్యమని ఆపేసింది. "ఆ సావిత్రిని అప్పుడే చూడలేకపోయినం, మల్ల ఇప్పుడేం చూస్తం రా" అన్నది. అంటే అవార్డు వచ్చిన సగం మా అమ్మ చూడనే లేదు.

మంగళగిరి అక్కా, ఒక్క మాట. ఆపే ముందు జాకెట్ మంచిగ ఉన్నదన్నది, మోచేతి దాంకుండే చేతులది. కుట్టిస్తరా? ఓరుగల్లుకు పంపుతరా?

మంగళగిరి మగ్గం | రాత్రి 11:03
పంపుతాం బాబూ. అమ్మగారికి సరిపోయే పాత జాకెట్టు ఒకటి కొలతకి పార్సిల్ చెయ్యి. బిగుతుగా కావాలా వదులుగా కావాలా అడిగి రాయి, ముడత మాత్రం పెట్టను.